పుష్కర ఘాట్ మెట్ల మీద 39 క్లిక్కులు

పొద్దు గూకడం నుంచి రాత్రయ్యేదాకా వరసగా ఫొటోలు తీసి, వాటిని గబగబా ఆడించి వీడియో చెయ్యాలని (టైమ్‌లాప్స్ అంటారు) రాజమండ్రి పుష్కర ఘాట్‌కి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి తీసిన వీడియో చూసి మా ఆవిడ ఒకటే మాట అంది: "స్టార్టర్ పోయిన ట్యూబులైటులా ఉందేంటండీ?"

నిజమే. గోదావరి, ఆర్చి బ్రిడ్జి, అవతల కొవ్వూరు ఒడ్డు అన్నీ ఉన్నాయి. అన్నీ టపటపా కొట్టుకుంటున్నాయి.

పెళ్ళి ఫొటోలు తీసే మా బావ దగ్గర పాత కెమెరా అడిగి తెచ్చుకుని, ఎపర్చర్ ప్రయారిటీలో (లెన్సు ఎంత తెరుచుకోవాలో మనం చెబితే, మిగతా వెలుగు లెక్క కెమెరాదే) పెట్టేసి, వెలుగు సంగతి అదే చూసుకుంటుందిలే అనుకున్నాను. మరీ ఎక్కువగా చూసుకుంది. ఫ్రేములోకి ఓ పడవ లైటు వస్తే చాలు, మొత్తం చీకటి చేసేది. పడవ దాటగానే మళ్ళీ వెలిగించేది. దానికి తోడు లెన్సు లోపలి రెక్కలు ప్రతి ఫొటోకీ మూసుకుని తెరుచుకుంటాయి కదా, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా వస్తుంది. విడిగా ఒక్క ఫొటోలో అది కనబడదు. సెకనుకి 25 చొప్పున ఆడిస్తే కళ్ళు నొప్పెడతాయి.

రెండోసారి అంతా మాన్యువల్. లెన్సు ఎంత తెరుచుకుంటుందో అంతా తెరిచేశాను, కెమెరా భాషలో ఎఫ్4. ఇక రెక్కలు కదిలే పనే లేదు. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) కూడా బిగించేశాను. ఎనిమిది సెకన్లకో ఫొటో, రా ఫైళ్ళలో, అంటే తర్వాత సర్దుకోడానికి వీలుండే ముడి ఫైళ్ళలో. మొదట షట్టర్ తెరిచి ఉండేది సెకనులో అయిదు వందల వంతు, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100. రాత్రయ్యేసరికి 4 సెకన్లు, ఐఎస్ఓ 400. మధ్యలో 13 స్టాపులు (ఒక్కో స్టాపంటే వెలుగు రెట్టింపు), ఒక్కో స్టాపుకి డయల్ మీద మూడు క్లిక్కులు, వెరసి 39. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల గ్రాఫు) ఎడమకి, అంటే చీకటి వైపుకి ఒరుగుతుంటే ఒక క్లిక్కు, అంతే పని. క్లిక్కు క్లిక్కుకీ వెలుగులో పడే ఆ మెట్లని తర్వాత ఎల్ఆర్‌టైమ్‌లాప్స్, లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్లు కలిసి నున్నగా సర్దేస్తాయి.

వినడానికి తేలికే. నేను చూసిన పాఠాలన్నీ యూరప్ వాళ్ళవి. వాళ్ళ సాయంత్రాలు తీరిగ్గా చీకటి పడతాయి. మన దగ్గర సంక్రాంతి వెళ్ళాక 5:50కి పొద్దు గూకిందంటే, ముప్పావుగంటలో అంతా అయిపోతుంది. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చున్నవాణ్ణి, ఒక్కసారిగా నిమిషానికో క్లిక్కు! ఫొటోకీ ఫొటోకీ మధ్య ఖాళీలోనే తిప్పాలి. కంగారులో డయల్‌తో పాటు కెమెరాని కూడా తిప్పాను. వీడియోలో సరిగ్గా 14వ సెకనులో ఆర్చి బ్రిడ్జి ఎగిరి పక్కకి దూకుతుంది.

మూడోసారి ట్రైపాడ్‌కి రెండు లీటర్ల నీళ్ళ సీసా వేలాడదీశాను. ఎడమచెయ్యి జేబులోంచి తియ్యలేదు. కుడిచేతి బొటనవేలు మాత్రమే డయల్ మీద, అదీ ఊపిరి బిగబట్టి. 

హారతికి వచ్చిన ఓ పెద్దాయన చాలాసేపు నన్నే చూసి దగ్గరికొచ్చారు.

"ఏం బాబూ, ఇందాకట్నుంచీ అక్కడే నిలబడ్డావు. వీడియోనా?"

"ఆయ్, ఫొటోలేనండి."

"ఎన్నేంటి?"

"తొమ్మిది వందలండి."

"ఎవరివి?"

ఏం చెప్పాలో తెలీక గోదారి వైపు చూపించాను. ఆయన అటు చూశారు, నన్ను చూశారు, "అది ఎక్కడికీ పోదుగా" అని వెళ్ళిపోయారు. ఆ మాటల్లో ఒక క్లిక్కు తప్పిపోయింది. తర్వాత రెండు కలిపి తిప్పాను. సాఫ్ట్‌వేర్ క్షమించింది.

రెండు గంటలకి 36 సెకన్ల వీడియో. నీళ్ళు పసుపు నుంచి నారింజకీ, అక్కణ్ణుంచి ఇంకు రంగుకీ ఎక్కడా తడబడకుండా దిగుతాయి. నాకు నచ్చింది మాత్రం రైలు. మన ఆర్చి బ్రిడ్జి రెండు ముప్పావు కిలోమీటర్లు కదా, దాటడానికి దానికి మూడు నిమిషాలు పట్టింది. నా లెక్కలో 22 ఫొటోలు. నల్లటి కమానుల కింద ఒక వెలుగు గీత.

మా ఆవిడకి చూపించాను. అంతా చూసి, "బావుంది గానీ, రైలేదీ?" అంది.

"వెళ్ళిపోయింది. మళ్ళీ వెయ్యనా?"