పచ్చ తీగ లేని బోర్డు

అమ్మకు పూజగదిలోకి పీట చేసిస్తానని మాటిచ్చి నెల దాటింది. ఈ ఆదివారం టిఫిన్ కాగానే పెరటి రేకుల షెడ్డులోకి వెళ్లి, టేకు చెక్కను రంపం మిషన్ మీద పెట్టాను. రెండో కోత సగంలో మిషన్ మూలగడం మొదలుపెట్టింది. బ్లేడు మొద్దుబారిందేమో అనుకుని చెక్కను ఇంకాస్త నెట్టాను. అంతలో పాప గుమ్మం దగ్గరికొచ్చి "నాన్నా, ఏదో కాలుతున్న వాసన" అంది. పొద్దున్నుంచీ టేకు పొట్టులో ఉన్న నా ముక్కుకు అది తెలియనే లేదు.

మెయిన్ ఆపేసి ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. విప్పి చూశాను. లోపలంతా రంపపు పొట్టు. న్యూట్రల్ స్క్రూ వదులైపోయి, తీగ కొస బొగ్గులా ఉంది. పక్కనే పొట్టు కూడా కమిలింది. అంతకంటే భయపెట్టింది ఇంకొకటి: ఎర్ర తీగ ఉంది, నల్ల తీగ ఉంది, ఎర్త్‌కు వెళ్లాల్సిన పచ్చ తీగ లేదు. ప్లగ్‌కు మూడు పిన్నులున్నా ఎర్త్ పిన్నుకు ఏమీ కలపలేదు. రెండేళ్లుగా ఆ ఇనుప బల్ల మీదే నా రెండు చేతులూ ఆన్చి పని చేస్తున్నాను. మోటారులో ఏ తీగైనా బాడీకి తగిలి ఉంటే? కాళ్లలో సత్తువ పోయినట్టై కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

"మరి ఎంసీబీ పడలేదేం?" అని పాప అడిగింది. మంచి ప్రశ్న. ఎంసీబీ అంటే కరెంటు హద్దు మించితే దానంతటదే పడిపోయే స్విచ్. 1500 వాట్ల మిషన్ 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, ఎంసీబీ 16 ఆంపియర్లది. వదులు జాయింటు ఎంత కాలినా కరెంటు పెరగదు కాబట్టి దానికి తెలియదు. ఆ బోర్డేమో 6 ఆంపియర్లదే.

మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఫేజుకీ (కరెంటు వచ్చే తీగ) ఎర్తుకీ మధ్య బల్బు పెడితే నీరసంగా వెలిగింది, అంటే ఎర్త్ సరిగా లేదన్నమాట. "ఎర్త్ గుంతలో నీళ్లు పోసి ఎన్నాళ్లైందన్నా?" అన్నాడు. నాలుగు బకెట్లు పోశాక వెలుగు కాస్త పెరిగింది. బొగ్గు, ఉప్పు మళ్లీ వేయాలట. గోడకు 16 ఆంపియర్ల సాకెట్ పెట్టి, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగాడు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ రేపు తెచ్చి బిగిస్తానన్నాడు.

అది వచ్చేదాకా మిషన్ ముట్టుకోను. "పీటకేం తొందర నాన్నా" అంది అమ్మ. సగం కోసిన టేకు చెక్క ఇంకా బల్ల మీదే ఉంది.