జాక్ తిరిగి దిగిందా?

"పలికింది సరే, తిరిగి దిగిందా?" హార్ప్సికార్డ్ అనే, మెట్లు నొక్కితే తీగలు మీటబడే పియానోలాంటి పాత వాద్యాన్ని బాగుచేసే చోట కొత్తగా చేరినవాళ్ళకు మొదట పడే చీవాటు ఇదే. పరాయి దేశంలో ఆ మాట పడితే మనసు చివుక్కుమంటుంది. మన దగ్గర మూగబోయిన వాద్యం మళ్ళీ పలికితే మరమ్మతు అయినట్టే. సామాను దొరకని చోట అలా పలికించడం గొప్ప పనితనం, దాన్ని ఎవరూ చిన్నచూపు చూడక్కర్లేదు. కానీ ఈ వాద్యం విషయంలో ఆ చీవాటు న్యాయమైనదే.

మెట్టు నొక్కితే జాక్ అనే సన్నని చెక్కబద్ద పైకి లేస్తుంది. దాని తలలో కదిలే చిన్న నాలుక ఉంటుంది, ఆ నాలుకకు గుచ్చిన ప్లెక్ట్రం అనే చిన్న మీటుపుల్ల తీగను మీటుతుంది. దిగేటప్పుడు నాలుక వెనక్కి వాలి, తీగను దాటి, స్ప్రింగ్ తోపుతో మళ్ళీ ముందుకు రావాలి. పాత పద్ధతిలో ఆ స్ప్రింగ్ అడవిపంది వెంట్రుక, ప్లెక్ట్రం కాకి ఈక కాడ. ఇప్పుడు ప్లెక్ట్రానికి ఎక్కువగా వాడేది అర మిల్లీమీటరు మందం డెల్రిన్ అనే ప్లాస్టిక్.

జాక్ తీగమీదే వేలాడితే వెంటనే ప్లెక్ట్రాన్ని చెక్కడానికి కత్తి పట్టకూడదు. ముందు జాక్ తన గాడిలో సొంత బరువుతో పడుతోందో లేదో చూడాలి. తేమకు ఉబ్బిన చెక్కను అప్పుడే అరగదీస్తే, గాలి పొడిబారాక వదులై లొడలొడలాడుతుంది. తర్వాత నాలుకను గోటితో వెనక్కి నెట్టి వదలాలి. బద్ధకంగా వస్తే వెంట్రుక నీరసించినట్టు, లేదా ఇరుసు పిన్ను బిగుసుకున్నట్టు. వెంట్రుక మరీ బలంగా ఉన్నా జాక్ దిగదు. తీగ మోతను ఆపే గుడ్డముక్క, అంటే డాంపర్ ఫెల్ట్, మరీ కిందికి ఉంటే అదే జాక్‌ను తీగమీద నిలబెట్టేస్తుంది, ప్లెక్ట్రం తీగ కిందికి చేరదు. చాలామంది దీన్ని మరిచి ప్లెక్ట్రాన్నే అనుమానిస్తారు.

ఇక ప్లెక్ట్రం. తీగ దాటి బయటికి వచ్చే కొస మిల్లీమీటరు మించితే చిక్కే. కత్తి అడుగువైపే నడవాలి. మీటేది పై ముఖం, దాన్ని నునుపుగా, చదునుగా వదిలేయాలి. కొస అడుగున ఏటవాలుగా ఉంటేనే దిగేటప్పుడు తీగ నాలుకను వెనక్కి నెట్టగలదు. పొర పొరగా గీకుతూ, ప్రతిసారీ పక్క స్వరాలతో పోల్చి వినాలి. ఎక్కువ పలచబడితే స్వరం నీరసిస్తుంది, దాన్ని పారేసి కొత్తది గుచ్చడమే దారి.

మెట్టును వేగంగా వాయించి చూస్తే లోపం దాక్కుంటుంది, జాక్ ఊపుమీద దిగిపోతుంది కాబట్టి. మెల్లగా నొక్కి, అంతకన్నా మెల్లగా వదలాలి. ఏ జాక్ దాని గాడిలోకే వెళ్ళాలి, అందుకే వాటిమీద అంకెలు ఉంటాయి.