ప్రింటర్ ఇంక్ అసలు ఎటు పోతోంది?

పోయిన వారం పాత ఫైళ్లు సర్దుతుంటే మేం వ్యాపారం మొదలుపెట్టిన కొత్తల్లో కొట్టిన ఇన్‌వాయిస్ ఒకటి బయటపడింది. పైన ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ముదురు నీలం పట్టీ, దాని మీద తెల్ల అక్షరాల్లో మా పేరు, పక్కన రంగుల లోగో. చూడ్డానికి ఇప్పటికీ బాగుంది. స్కేల్ పెట్టి కొలిచా, పట్టీ ఎత్తు 3 సెంటీమీటర్లు. ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు కాబట్టి ఆ పట్టీ ఒక్కటే పేజీలో పదో వంతు అన్నమాట.

పదో వంతే కదా అనుకోకండి, అసలు విషయం ఇక్కడే ఉంది. కార్ట్రిడ్జ్ డబ్బా మీద ఇన్ని పేజీలు వస్తాయని రాస్తారు కదా, దానికి ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) పద్ధతులున్నాయి, కలర్ ఇంక్‌జెట్‌కి 24711 నంబరుది, బ్లాక్ లేజర్ ప్రింటర్లలో వాడే టోనర్ పొడికి 19752 నంబరుది. వాళ్ల టెస్ట్ పేజీల్లో ఒక్కో రంగు పేజీ మీద సుమారు 5 శాతం మేరే పడుతుంది. మా పట్టీ 10 శాతం, పైగా ముదురు నీలం అంటే సయాన్ (లేత నీలం ఇంక్) మీద మెజెంటా (గులాబీ ఇంక్) కూడా దండిగా పడాలి, అంటే లోగో సంగతి అటుంచి పట్టీయే ఆ టెస్ట్ పేజీ కంటే రెట్టింపు సయాన్ తాగేస్తోంది. డబ్బా మీద 300 పేజీలు అని ఉంటే మాకు 150 కూడా దాటేవి కాదు, మేమేమో కార్ట్రిడ్జ్‌లు నకిలీవి వస్తున్నాయేమో అని అమ్మిన వాళ్లతో గొడవ పెట్టుకునేవాళ్లం. తప్పు కార్ట్రిడ్జ్‌ది కాదు, డిజైన్‌ది. పట్టీ తీసేసి పేరు నల్లగా పెట్టి కింద ఒక సన్న గీత గీశాం, కస్టమర్ ఒక్కరు కూడా అదేంటి రంగు లేదే అని అడగలేదు.

అందుకే ఎవరైనా ఇంక్ ఖర్చు ఎక్కువైపోతోంది, చౌక ఇంక్ ఎక్కడ దొరుకుతుంది అని అడిగితే నేను ముందు ఒకటే చెప్తా, చౌక ఇంక్ తర్వాత సంగతి, ముందు ఉన్న ఇంక్ ఎటు పోతోందో చూడండి. మీరు రోజూ ఎక్కువగా కొట్టే కాగితాలు ఏవో రెండు మూడు ఉంటాయి, ఇన్‌వాయిస్సో, డెలివరీ స్లిప్పో, కొటేషనో. ఆ మూడింటినీ టేబుల్ మీద పరిచి రంగు నిండుగా ఎక్కడ ఉందో చూడండి చాలు. బూడిద రంగు బ్యాక్‌గ్రౌండ్ ఉన్న టేబుల్ గడులు, వెనకాల లేతగా కనపడే పెద్ద వాటర్‌మార్క్, ఎవరూ చదవని నిబంధనల పేజీ, ఇవన్నీ చుక్కచుక్కగా లాగేస్తూనే ఉంటాయి.

ఇంకో పెద్ద కన్నం హెడ్ క్లీనింగ్, అంటే ఇంక్ చిమ్మే భాగాన్ని ప్రింటర్ శుభ్రం చేసుకోవడం. ఇది చాలామందికి తెలియదు, ఎందుకంటే కంటికి కనపడదు. ఇంక్‌జెట్‌లో ఇంక్ సన్నటి రంధ్రాల్లోంచి పడాలి, అవి ఎండిపోకుండా ప్రింటర్ తనంతట తనే మధ్యమధ్యలో కొంచెం ఇంక్ లాగి పారబోస్తుంది. ఆ ఇంక్ అంతా లోపల ఒక స్పాంజ్ లాంటి ప్యాడ్‌లోకి పోతుంది. మా పాత ప్రింటర్ ఒకరోజు ప్యాడ్ నిండిపోయింది అని మెసేజ్ చూపించి ఆగిపోతే మెకానిక్ విప్పి ఆ ప్యాడ్ బయటికి తీశాడు. అరచేయంత ముక్క, నల్లగా బరువుగా ఉంది, కింద న్యూస్‌పేపర్ పరిస్తే నాలుగు మడతల్లోంచి కూడా ఇంకిపోయింది. అదంతా మేం డబ్బు పెట్టి కొన్న ఇంకే, ఒక్క అక్షరం కూడా పడకుండా అలా పోయింది. చాలా బాధేసింది నిజంగా.

అప్పుడు ఆయన చెప్పిందే ఇప్పటికీ పాటిస్తున్నాం. ప్రింటర్‌ని గోడ స్విచ్ దగ్గర ఆపొద్దు, ప్రింటర్ మీదున్న పవర్ బటన్‌తోనే ఆపాలి. బటన్ నొక్కితే హెడ్ పక్కకి వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది, గాలి తగలదు. ప్రింట్ మధ్యలో స్విచ్ ఆపేస్తే హెడ్ ఎక్కడుంటే అక్కడే, మూత లేకుండా ఉండిపోతుంది, అలా ఎండిపోయిన హెడ్‌ని మళ్లీ దారికి తేవాలంటే బోలెడు ఇంక్ పోయాలి. మేం రోజూ షాపు మూసేటప్పుడు మెయిన్ ఆపేసి వెళ్లేవాళ్లం, ప్రింటర్ పనిలో ఉందా లేదా అని చూసేవాళ్లమే కాదు.

గీతలు పడుతున్నాయి అనిపిస్తే వెంటనే క్లీనింగ్ నొక్కకుండా ముందు నాజిల్ చెక్ పేజీ (ఆ సన్న రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయా అని చూపించే పేజీ) ఒకటి తీయండి, దానికి ఇంక్ చాలా తక్కువ పడుతుంది. చిన్న చిన్న గళ్ల గీతల్లో ఎక్కడ తెగిందో, ఏ రంగులో తెగిందో కనపడుతుంది. తెగితేనే క్లీనింగ్, అదీ ఒకటి రెండుసార్లు, అయినా రాకపోతే వరసపెట్టి పదిసార్లు నొక్కడం కాదు, ఒక రాత్రి వదిలేసి పొద్దున మళ్లీ చూడండి, గాలి బుడగలు సర్దుకుని చాలాసార్లు అదే వచ్చేస్తుంది. డీప్ క్లీనింగ్ అనే ఆప్షన్ ఉంటుంది, అది మాత్రం వేరే దారి లేనప్పుడే. వారానికి ఒక రంగుల పేజీ అయినా తీస్తుంటే అంతదాకా రావడం అరుదు.

దీనికి సంబంధించిందే ఇంకోటి. ఐఎస్‌ఓ టెస్ట్‌లో పేజీలు ఆపకుండా వరసగా కొడతారు. మనం మాత్రం పొద్దున ఒకటి, గంటకి ఒకటి, మధ్యలో ఆపి మళ్లీ ఆన్ చేసి ఒకటి. ఆన్ చేసిన ప్రతిసారీ అది తన సర్దుబాటు తను చేసుకుంటుంది, దానికీ ఇంక్ కావాలి. మేం ఇప్పుడు అర్జెంటువి తప్ప మిగతావి పోగేసి మధ్యాహ్నం ఒకసారి సాయంత్రం ఒకసారి కొడుతున్నాం, మార్పు తెలిసింది.

సెట్టింగ్స్ గురించి అందరూ చెప్పేదే కాబట్టి తొందరగా చెప్పేస్తా. డ్రాఫ్ట్ మోడ్‌ని డిఫాల్ట్‌గా పెట్టుకోండి, మన ఆఫీసు కాపీలకి అది చాలు. గ్రేస్కేల్ అని పెట్టినంత మాత్రాన నల్ల ఇంకే వాడుతుందని లేదు, కొన్ని ప్రింటర్లు రంగులు కలిపి కూడా బూడిద రంగు తెస్తాయి, బ్లాక్ ఇంక్ ఓన్లీ అని విడిగా ఆప్షన్ ఉంటే అది పెట్టండి. రెండువైపులా ప్రింట్ తీస్తే కాగితం మిగులుతుంది కానీ ఇంక్ మిగలదు, ఈ రెండూ కలిపేసి చెప్తుంటారు. ఫాంట్ విషయానికొస్తే సన్నగా ఉండేది వాడితే కొంత తగ్గుతుంది, అమెరికాలో ఒక యూనివర్సిటీ 2010లో ఏరియల్ వదిలేసి సెంచురీ గోతిక్‌కి మారింది ఇందుకే, కాకపోతే ఆ అక్షరాలు వెడల్పుగా ఉండి ఒక పేజీలో పట్టేది రెండో పేజీకి పోతుంది. నా లెక్కలో ఫాంట్ చివర్లో చూసుకోవాల్సిన విషయం.

ఇక అసలు ఏ ప్రింటర్ అన్నది. తక్కువ ధరకి వచ్చే కార్ట్రిడ్జ్ ప్రింటర్లు చూసి ఆశపడొద్దు, ప్రింటర్ కొనడం కాదు, దాన్ని మేపడం కష్టం. ఇంటి ప్రింటర్ల చిన్న కార్ట్రిడ్జ్‌ల్లో చాలావాటిలో పది మిల్లీలీటర్ల ఇంక్ కూడా ఉండదు, పైగా కొత్త ప్రింటర్‌తో పాటు వచ్చేవాటిలో ఇంకా తక్కువ నింపి ఇచ్చే మోడల్స్ ఉన్నాయి. కొనేముందు కార్ట్రిడ్జ్ ధరని పేజీల సంఖ్యతో భాగించండి, ఇంతకంటే పెద్ద విద్య ఏం లేదు. ఎక్స్‌ఎల్ (ఎక్కువ ఇంక్ పట్టే) కార్ట్రిడ్జ్ ధర రెట్టింపు ఉండి పేజీలు మూడు రెట్లు వస్తుంటే, ఖరీదుగా కనపడేదే చౌక.

రంగు ప్రింట్లు ఎక్కువ కావాలంటే ట్యాంక్ ప్రింటర్, అంటే కార్ట్రిడ్జ్ బదులు బాటిల్‌తో ఇంక్ పోసుకునేది. ఒకప్పుడు బయటి వాళ్లు మామూలు ప్రింటర్లకే పైపులు తగిలించి పక్కన డబ్బాల్లో ఇంక్ పోసి నడిపేవాళ్లు, అది చూసి ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో తనే ట్యాంకులు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది, తర్వాత కానన్, హెచ్‌పీ, బ్రదర్ అన్నీ అదే దారి పట్టాయి. 65 మిల్లీలీటర్ల నల్ల బాటిల్‌కి 4,500 పేజీల దాకా అని కంపెనీ లెక్క ఇచ్చిన మోడల్స్ ఉన్నాయి. మొదటి బాటిల్‌కి అన్ని రావు, కంగారు పడకండి, అందులో కొంత పైపులు నిండడానికే పోతుంది. అలాగని ఎండిపోయే గొడవ, ప్యాడ్ గొడవ దీనికీ ఉన్నాయి, వాడకం తక్కువైతే ఇదీ ఎండుతుంది.

నల్ల అక్షరాలు తప్ప ఏమీ అక్కర్లేని వాళ్లకి మాత్రం బ్లాక్ లేజరే నా సలహా. టోనర్ పొడి, నెల రోజులు ముట్టుకోకపోయినా ఎండదు. కొన్నిటిలో డ్రమ్ (ఆ పొడిని కాగితం మీదికి చేర్చే రోలర్) వేరేగా కొనాలి, దాని ఖర్చు కూడా పేజీ లెక్కలో కలపండి. టోనర్ అయిపోయింది అని లైట్ వెలగ్గానే పారేయకుండా బయటికి తీసి అటూఇటూ మెల్లగా ఊపి పెడితే ఇంకా కొన్ని పేజీలు వస్తాయి.

పార్సిల్ లేబుల్స్‌కి ఇంకే వద్దు. డైరెక్ట్ థర్మల్ ప్రింటర్ ప్రత్యేకమైన పూత ఉన్న కాగితాన్ని వేడి చేసి నల్లగా చేస్తుంది అంతే, ఇంక్ లేదు రిబ్బన్ లేదు. కాకపోతే ఎండ తగిలినా వేడి తగిలినా ఆ అక్షరాలు మాసిపోతాయి, ఏళ్ల తరబడి దాచాల్సిన బిల్లులు దాని మీద తీయొద్దు.

కంపెనీ ఇంక్ కాకుండా వేరేది వాడొచ్చా అంటే వాడొచ్చు, మంచివి ఉన్నాయి. రీఫిల్ చేసిన టోనర్ అమ్మడాన్ని పేటెంట్ పేరుతో ఆపలేరని అమెరికా సుప్రీంకోర్టు లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ కంపెనీ కేసులో 2017లో చెప్పింది కూడా. కానీ కార్ట్రిడ్జ్ మీద చిప్ ఉన్న మోడల్స్‌లో ప్రింటర్‌కి ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రాగానే బయటి కార్ట్రిడ్జ్‌ని తీసుకోకపోవచ్చు, కాబట్టి ఒకేసారి డజను కొని పెట్టుకోవద్దు. ట్యాంకులో అయితే డై రకమా (ద్రవంలో కరిగిపోయే రంగు) పిగ్మెంట్ రకమా (కరగని సన్న రేణువుల రంగు) అని చూసి అదే రకం పోయండి, రెండూ కలిస్తే గడ్డకట్టి హెడ్ మూసుకుపోవచ్చు, అప్పుడు మిగిలిందంతా రిపేర్‌కే పోతుంది.

ఇప్పుడు మా ప్రింటర్ మూత మీద ఒక తెల్ల కాగితం అంటించి ఉంది. బాటిల్ పోసిన ప్రతిసారీ తేదీ, ఏ రంగు, ఆ రోజు పేజీల కౌంటర్ ఎంత అని దాని మీద రాస్తాం, స్టేటస్ పేజీలో ఆ కౌంటర్ ఉంటుంది. ఒక రంగు ముందులా రాకుండా తొందరగా అయిపోతే ఆ అంకెల్లోనే తెలిసిపోతుంది. పోయిన వారం దొరికిన నీలం పట్టీ ఇన్‌వాయిస్ కూడా దాని పక్కనే అంటించా, మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి బిల్లు డిజైన్ కొంచెం రంగుగా మారుద్దామా అని అడుగుతోంది.