హుడ్ కెనాల్ వంతెన దగ్గర 40 నిమిషాలు

మే నెలలో అమ్మానాన్నలను అమెరికాలో మా వాషింగ్టన్ రాష్ట్రంలోని పోర్ట్ ఏంజెలెస్ ఊరు చూపిద్దామని బయల్దేరాం. ఎడ్మండ్స్‌లో ఫెర్రీ ఎక్కి కింగ్‌స్టన్‌లో దిగి 104 రోడ్డు పట్టుకునేదాకా బాగానే ఉంది, తీరా హుడ్ కెనాల్ (పేరుకే కెనాల్, నిజానికి సముద్రపు పాయ) మీది తేలే వంతెన దగ్గరికొచ్చేసరికి ముందంతా ఎర్ర లైట్లు. ఓడలకి దారివ్వడానికి వంతెన మధ్యలో తెరిచారు, కార్లన్నీ ఆగాల్సిందే. పక్కనే బాంగోర్ నేవీ స్థావరం ఉంది, వాళ్ల జలాంతర్గామి వెళ్తుంటే ముందుగా ఎవరికీ చెప్పరు కాబట్టి ఫోన్లో చూసుకుని బయల్దేరినా లాభం లేదు. అమ్మకి బాత్రూం టెన్షన్. వెనక్కి తిప్పి సాల్స్‌బరీ పాయింట్ పార్కుకి పోయాం (కొత్తగా వెళ్లేవాళ్లు ఈ పార్కు గుర్తుపెట్టుకోండి, వంతెనకి ముందే వస్తుంది).

నాన్నది ధవళేశ్వరం. ఒడ్డున నిలబడి వంతెనకేసి చూసి, "మధ్యలో స్తంభాలేవిరా?" అన్నారు. అక్కడ లోతు 300 అడుగుల పైనే, అందుకే పెద్దపెద్ద కాంక్రీటు డబ్బాలను తేల్చి లంగరేసి, వాటిమీద రోడ్డు వేశారు. 1961లో ప్రారంభించారు, 1979 ఫిబ్రవరి గాలివానకి పడమటి సగం మునిగిపోతే మళ్లీ కట్టారు. ఇదంతా చెబుతుంటే ఆయన వినట్లేదు. "అదిగో, కుక్క ఈదుతోంది!"

కుక్క కాదు, సీల్, చేపలు తినే సముద్ర జంతువు. నల్లటి గుండు తల, తడి మీసాలు, మావైపు ఒకసారి చూసి మునిగింది. అది అక్కడ తిరగడానికి కారణం ఉంది. ఆ డబ్బాలు నీళ్లలోకి దాదాపు 15 అడుగులు దిగి, కెనాల్‌కి అడ్డంగా గోడలా ఉంటాయి. ఏట్లో పుట్టి సముద్రానికి పోయే సాల్మన్, స్టీల్‌హెడ్ అనే చేపల పిల్లలకి అదే దారి. స్టీల్‌హెడ్ పిల్లలైతే మరీ పైపైనే ఈదుతాయి.

"అంత లోతుంటే కిందనుంచి పోవచ్చుగా?"

నాకూ మొదట అదే అనిపించింది. పోవు నాన్నా, గోడ తగలగానే దాని వెంబడే అటూఇటూ తిరుగుతాయి, మూలల్లో చిక్కుకుంటాయి, అక్కడ ఇదిగో ఈయనగారు కాచుకుని ఉంటారు. పిల్ల చేపల్లో శబ్దం పంపే ట్యాగులు పెట్టి చూశారు. కొన్ని ట్యాగులు ఉన్నట్టుండి వేడెక్కాయట, అంటే చేప వెచ్చటి రక్తమున్న జంతువు పొట్టలోకి చేరిందన్నమాట. వంతెనదాకా వచ్చిన స్టీల్‌హెడ్ పిల్లల్లో సగం దాకా అక్కడే చనిపోతున్నాయని తేలింది. అసలే పూజెట్ సౌండ్ (ఈ ప్రాంతపు సముద్రపు పాయలు) స్టీల్‌హెడ్ 2007 నుంచి ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉంది. మూలల్లో చేపలు ఇరుక్కోకుండా అడ్డు కట్టి కూడా చూశారు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా పులస ఎదురెక్కి వచ్చి బ్యారేజీ దగ్గర ఆగిపోద్ది, ఇవి కిందికి పోతూ ఆగిపోతున్నాయి" అన్నారు.

సాయంత్రం తిరిగొస్తుంటే మళ్లీ వంతెన తెరిచారు. అమ్మ విసుక్కుంది. నాన్న సీటు వెనక్కి వాల్చుకుని, "పోనీలెద్దూ, ఇంకాసేపు తెరిచి ఉంచనీ" అన్నారు.