యోసెమిటీలో 28 బెజ్జాలు

అక్టోబరులో కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కుకు వెళ్తే జలపాతం ఉండదని మాకెవరూ చెప్పలేదు. ఫ్రీమాంట్‌లో చీకటితోనే బయల్దేరి, నాలుగు గంటలు ప్రయాణం చేసి, గేటు దగ్గర కారుకు 35 డాలర్లు కట్టి లోపలికి పోతే, కొండ మీద ఎండిన మరకొక్కటి కనిపించింది. అంత పేరున్న జలపాతం అదేనట. మంచు కరిగే రోజుల్లో రావాలట. పార్కింగ్ కోసం ముప్పావు గంట తిరిగాం. మధ్యాహ్నం చప్పటి సాండ్‌విచ్ ఒక్కోటీ పదహారు డాలర్లు పెట్టి కొన్నాం. మా అమ్మాయి కలిపి తెచ్చిన పులిహోర కారు డిక్కీలో ఉండిపోయింది. నాకు చాలా చిరాకుగా ఉంది. మూడు గంటలకే "ఇక ఇంటికి పోదాం బాబూ" అన్నాను అల్లుడితో.

తిరిగొచ్చే దారిలో ఎల్ కాపిటాన్ అనే కొండ ముందున్న పచ్చిక దగ్గర కార్లు ఆగిపోయి ఉన్నాయి. ముందు యాక్సిడెంట్ అనుకున్నాం. కాదు, జనమంతా కుర్చీలు వేసుకుని తలెత్తి కొండను చూస్తున్నారు. ఒక కుర్రాడు టెలిస్కోప్ పెట్టుకుని, అడిగినవాళ్లందరికీ చూపిస్తున్నాడు. అతనూ కొండలెక్కేవాడే, చేతివేళ్ల నిండా తెల్లటి టేపు. నేనూ కన్ను పెట్టాను. బూడిదరంగు గోడ, మధ్యలో నువ్వుగింజంత ఎర్ర చుక్క. ఆ చుక్క చెయ్యి పైకి చాచింది. నాకు ఒళ్లు జలదరించింది.

నేను పుట్టి పెరిగింది భువనగిరి గుట్ట కింద. ఏకశిల, అయిదు వందల అడుగుల పైమాటే. మలావత్ పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్టు ఎక్కకముందు తాడు పట్టడం నేర్చుకున్నది ఆ బండల మీదే. ఊరికి ఎవరొచ్చినా వేలెత్తి చూపిస్తాం. ఇక్కడున్న ఈ గోడ మూడు వేల అడుగులు. మా గుట్టను ఒకదాని మీద ఒకటి ఆరుసార్లు నిలబెట్టాలి.

"దీన్ని మొదట ఎవరు ఎక్కారు?" అని అడిగాను. అల్లుడు నా ప్రశ్నను కుర్రాడికి ఇంగ్లీషులో చెప్పాడు. అతను టెలిస్కోప్ వదిలేసి మా పక్కన గడ్డిలో కూర్చుని కథ మొదలుపెట్టాడు.

వారెన్ హార్డింగ్ అని ఒక సర్వేయర్. 1957లో ఇదే లోయలో ఉన్న హాఫ్ డోమ్ అనే కొండ ముఖం మీద మొదటి దారి వేయాలనుకున్నాడు. ఆయన వచ్చేసరికే రాయల్ రాబిన్స్, ఇంకో ఇద్దరు అయిదు రోజుల్లో దాన్ని ఎక్కేశారు. హార్డింగ్ వెళ్లి వాళ్లను అభినందించి, అంతకంటే పెద్ద గోడ మీద కన్నేశాడు. రెండు ముఖాలు కలిసేచోట ముక్కులా పొడుచుకొచ్చిన అంచు ఉంది, ఆ దారి పేరే 'నోస్'. ఒక్కసారిగా ఎక్కేది కాదు. కొంత ఎక్కి, తాళ్లు అక్కడే వేలాడదీసి, దిగొచ్చి, మళ్లీ ఆ తాళ్లు పట్టుకుని పైకి పోవడం. పెద్ద పగుళ్లలో కొట్టడానికి సరిపడే మేకులు దొరక్కపోతే, బర్క్‌లీ చెత్తకుప్పలో దొరికిన పాత స్టవ్‌ల కాళ్లు విరిచి తెచ్చి దిగ్గొట్టారు. ఆ పగుళ్లను ఇప్పటికీ 'స్టవ్‌లెగ్' పగుళ్లనే అంటారు. చూసేవాళ్ల కార్లతో రోడ్డు ఆగిపోతోందని వేసవి సెలవుల్లో ఎక్కొద్దన్నారు అధికారులు. అంటే నేను పొద్దున తిట్టుకున్న ఈ ట్రాఫిక్ అప్పటినుంచీ ఉన్నదే.

దాదాపు ఏడాదిన్నర కాలంలో మొత్తం 47 రోజులు గోడ మీద గడిపారు. 1958 నవంబరు నాటికి మిగిలింది ముగ్గురు: హార్డింగ్, వేన్ మెర్రీ, జార్జ్ విట్‌మోర్. చివరి విడత పన్నెండు రోజులు. పైన బయటికి వాలిన బండ. పట్టుకోవడానికి పగులు లేదు. హార్డింగ్ ఆ రాత్రంతా నిద్రపోకుండా, చేత్తో 28 బెజ్జాలు కొట్టి, బోల్టులు బిగించుకుంటూ, నవంబరు 12న తెల్లవారుతుండగా పైకి చేరాడు.

28 బెజ్జాలు అనగానే నేను ఆగిపోయాను. చిన్నప్పుడు మా ఇంటి పునాదికి గుట్ట కింద వడ్డెరవాళ్లు రాయి కొట్టారు. బడి ఎగ్గొట్టి వాళ్ల దగ్గరే కూర్చునేవాణ్ని. ఉలి మీద ఒక దెబ్బ, ఉలిని కొంచెం తిప్పడం, మళ్లీ దెబ్బ. కాసేపటికి వంగి నోటితో దుమ్ము ఊదడం. ఒకాయన నాకూ సుత్తి ఇచ్చాడు. పావుగంట కొట్టాను. రాయి మీద తెల్లటి గుంట పడింది, గోరు కూడా దిగలేదు. మర్నాడు అరచేతులు బొబ్బలెక్కాయి. "రాయికి మన తొందర తెలీదు బిడ్డా" అన్నాడాయన. ఇదీ గ్రానైటే. బోల్టు బెజ్జం కొట్టేదీ అలాగేనట: దెబ్బ, తిప్పు, దెబ్బ, ఊదు. ఆ వడ్డెరాయన కాళ్లు నేల మీద ఉన్నాయి, చెట్టు నీడ ఉంది. ఈయన కాళ్ల కింద దాదాపు మూడు వేల అడుగుల ఖాళీ, చలి, చీకటి.

ఆ మాటే కుర్రాడికి చెప్పమన్నాను. అతను విని, తన అరచేతులు చాపి చూపించాడు. నేనూ నా చెయ్యి పెట్టాను.

రాయికి అన్ని బెజ్జాలు పెట్టడం తప్పనేవాళ్లూ ఉన్నారట, వాళ్లలో రాబిన్స్ ముఖ్యుడు. 1970లో హార్డింగ్ ఇదే కొండ మీద ఇంకొకరితో 27 రోజులుండి కొత్త దారి వేస్తే, మరుసటి ఏడాది రాబిన్స్ ఆ బోల్టులు పీకేస్తూ ఎక్కడం మొదలుపెట్టాడు. కొంత ఎక్కాక, ఆ పని ఎంత గొప్పదో చూసి, పీకడం మానేశాడు. నాకు రాబిన్స్ మీద గౌరవం కలిగింది అక్కడే.

మా అమ్మాయికి మాత్రం లిన్ హిల్ కథ పట్టుకుంది. అయిదడుగుల రెండంగుళాల మనిషి. పడితే ఆపడానికి తాడు ఉంచుకుని, ఎక్కడానికి మాత్రం చేతులు, కాళ్లే వాడి 1993లో నోస్ మొత్తం ఎక్కింది. అంతకుముందు మగా ఆడా ఎవరూ అలా ఎక్కలేదు. మరుసటి ఏడు అదే పని ఒక్క రోజులో చేసింది. "పెద్ద చేతులవాళ్ల వేళ్లు పట్టని పగుళ్లలో ఆమె వేళ్లు పట్టాయట నాన్నా" అని మా అమ్మాయి తన వేళ్లు చూసుకుంది.

అల్లుడు డిక్కీ తీసి పులిహోర తెచ్చాడు. కుర్రాడికీ కాగితం పళ్లెంలో పెట్టాం. పచ్చిమిరపకాయలు ఏరి పక్కన పెట్టి, పల్లీలు ఒక్కటీ వదలకుండా తిన్నాడు. నోస్‌ను మొదట ఎక్కిన ఆ ముగ్గురిలో ఇప్పుడెవరైనా ఉన్నారా అని అడిగించాను. లేరట. చివరగా పోయింది విట్‌మోర్, 2021 జనవరి 1న, కోవిడ్‌తో. మా అన్నయ్య పోయింది కూడా ఆ ఏడే. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

చీకటి పడింది. గోడ కనిపించడం మానేసింది. అప్పుడు దాని మీద దీపాలు వెలిగాయి. తలకు కట్టుకునే లైట్లు. రాత్రికి అక్కడే, తాళ్లకు వేలాడే మంచాల మీద పడుకుంటారట. మా అమ్మాయి ఏడు లెక్కపెట్టింది, నాకు ఆరే కనిపించాయి.

"ఆ పైది చూడు నాన్నా, అది కదులుతోంది."

చూశాను. మిగతావన్నీ ఉన్నచోటే ఉన్నాయి. అదొక్కటే కొంచెం కొంచెంగా పైకి పోతోంది. అల్లుడు కారు తాళాలు జేబులో వేసుకుని వచ్చి మా పక్కన కూర్చున్నాడు.