చిల్లిగవ్వ చెల్లే ఊళ్ళో

శుక్రవారం, కోకోపో.

పని మధ్యాహ్నానికే అయిపోయింది. విమానం రేపు మధ్యాహ్నం. గదిలో కూర్చోబుద్ధి కాక సంతకి వెళ్ళాను. పపువా న్యూ గినీలో న్యూ బ్రిటన్ దీవి తూర్పు కొసన ఉంది ఈ ఊరు. 1994లో అగ్నిపర్వతాలు బద్దలై రబౌల్ పట్టణం బూడిదపాలయ్యాక ప్రావిన్స్ రాజధాని ఇక్కడికి మారింది.

వేరుశనక్కాయల కోసం ఆగాను. నా ముందున్నామె వక్కలు బేరమాడి, సంచిలోంచి సన్నటి బెత్తంపుల్ల తీసింది. దాని నిండా గుచ్చిన చిన్న చిన్న గవ్వలు. బెత్తెడు ముక్క విరిచి ఇచ్చింది, అమ్మే పెద్దావిడ లెక్కచూసి పక్కన పెట్టుకుంది. అంతే, బేరం అయిపోయింది.

చూడొచ్చా అని అడిగితే పెద్దావిడ ఆ ముక్క నా చేతిలో పెట్టింది. ఒక్కో గవ్వ బఠాణీ గింజంత ఉంటుందేమో. వీపు చెక్కేసి, ఆ చిల్లులోంచి పుల్ల దూర్చారు. అన్నీ ఒకే వైపు తిరిగి, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. ఇక్కడి తొలాయ్ ప్రజలు ఈ గవ్వల డబ్బుని తాబు అంటారు. నా జేబులో ఉన్న ఈ దేశపు 1 కినా నాణేనికీ మధ్యలో చిల్లే. 1975లో వచ్చిన ఆ డబ్బుకి పేరు కూడా ముత్యపుచిప్ప మీదే పెట్టారు.

ఎలా కొలుస్తారని అడిగాను. ఆవిడ రెండు చేతులూ బారచాపింది. నాకు ఒళ్ళు పులకరించింది. అది మన బారే! మన పూలమ్మి మూర వేసినట్టు వీళ్ళు డబ్బుని బారల్లో కొలుస్తారు. బారని పొకొనో అంటారట.

మా ఊళ్ళో డబ్బులేనివాణ్ణి 'చిల్లిగవ్వ కూడా లేదు' అంటామని వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "ఇక్కడా అంతే. తాబు లేనివాడు పోతే ఏం పంచుతారు?" అంది.

ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. వీళ్ళు బారలకి బారలు కలిపి, బండిచక్రమంత చుట్ట చుట్టి, ఆకులతో కప్పి దాస్తారు. దాని పేరు లోలోయ్. మనిషి పోయిన రోజు ఆ చుట్ట విప్పి, తెంపి, వచ్చినవాళ్ళందరికీ పంచుతారు. ఇన్నాళ్ళూ కూడబెట్టింది అందుకే. పెళ్ళిళ్ళకీ, తప్పు చేసినవాడు కట్టే పరిహారానికీ ఇదే. కానీ చావు దగ్గరే దీని అసలు విలువ అని నాకు అనిపించింది. మా తాతయ్య పోయినప్పుడు బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందని జరిగిన గొడవ గుర్తొచ్చింది. అందరూ చూస్తుండగా పంచేస్తే ఆ గొడవే ఉండకపోను.

కొన్ని కినాలిచ్చి మూరెడు తాబు తీసుకున్నాను. అందులోంచే జానెడు విరిచి అదే ఆవిడకిచ్చి శనక్కాయలు కొన్నాను. పుల్ల విరిగినప్పుడు రెండు గవ్వలు జారి దుమ్ములో పడ్డాయి. ఆవిడ వంగి, వెతికి, ఊదుకుని దాచుకుంది.

మిగిలిన ముక్క ఇప్పుడు దీపం దగ్గర ఉంది. గుర్తుగా ఇంటికి తీసుకెళ్దామనుకున్నాను గానీ మనసొప్పడంలేదు. షోకేసులో పెడితే అది డబ్బు కాదు. పొద్దున్నే సంతకెళ్ళి దీనికి అరటిపళ్ళు కొంటాను.