లాంగ్ రైడ్ ఐదు గంటల దాకా పెరిగింది: చంటిపిల్లతో ఫుల్ డిస్టెన్స్ ట్రైనింగ్

ఫుల్ డిస్టెన్స్ ట్రైయథ్లాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైక్లింగ్, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. చాలా రేసుల్లో అన్నీ కలిపి 17 గంటల్లో ముగించాలి. రోజువారీ ప్రాక్టీసులో ఈత, పరుగు ఎలాగోలా గంటలో సర్దేయొచ్చు. తల్లికి టైమ్ దొరకనిది సైకిల్‌కే.

అందుకే మామూలు రోజుల్లో ఇంట్లోనే ట్రైనర్ (సైకిల్ ముందుకు కదలకుండా బిగించి తొక్కే స్టాండ్) మీద తొక్కుతున్నాను. పాప నిద్రపోగానే ఎక్కడం, బేబీ మానిటర్ కళ్లెదురుగా పెట్టుకోవడం. పది నిమిషాల వార్మప్ తర్వాత ఎనిమిది నిమిషాలు గట్టిగా, నాలుగు నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగు సెట్లు. మధ్యలో పాప లేస్తే దిగిపోతాను. మిగిలిన సెట్లు మర్నాటికి కలపను. అసలే నిద్ర చాలని ఒళ్లు, బాకీలు కూడా మోయలేదు. ఈ నియమం పెట్టుకున్నాకే టెన్షన్ తగ్గింది, వేగమూ పెరిగింది.

లాంగ్ రైడ్ వారానికి ఒక్కటే. ఆ పూట పిల్లలిద్దరూ మా ఆయన దగ్గర. పాపకు కడుపు నిండా పాలిచ్చి బయల్దేరతాను. మూడో గంటకల్లా రొమ్ములు సలపడం మొదలవుతుంది కాబట్టి రూట్‌ని ఇంటి చుట్టూ లూపులుగా వేసుకున్నాను. మధ్యలో వచ్చి పాలిచ్చి, బాటిళ్లు మార్చుకుని మళ్లీ వెళ్తాను. ఈతకు ముందూ ఇంతే. పాలు నిండి ఉంటే బిగుతైన వెట్‌సూట్‌లో చెయ్యి చాచడమే కష్టం.

2019లో బ్రిటిష్ రన్నర్ జాస్మిన్ పారిస్ స్పైన్ రేస్ అనే 268 మైళ్ల కొండదారి పరుగు పందెంలో చెక్‌పాయింట్ల దగ్గర పాలు పిండుకుంటూనే మగవాళ్లతో సహా అందరికన్నా ముందు వచ్చింది. 83 గంటల 12 నిమిషాల పరుగు అది! పాలు పిండుకునే టైమ్ కూడా రేసులో భాగమేనన్న ధీమా నాకు ఆవిడ వల్లే వచ్చింది.

తిండి విషయానికొస్తే, సైకిల్ మీద గంటకు 60 గ్రాముల కార్బ్స్‌తో మొదలుపెట్టి 75కి తెచ్చాను, కడుపు తట్టుకుంటోంది. బాటిల్ మీద మార్కర్‌తో గంటకో గీత గీశాను. నీళ్లు గీత దిగకపోతే తాగాల్సిందే. పాలివ్వడానికే ఒంటికి అదనపు తిండి కావాలి. సరిగ్గా తినకుండా ట్రైనింగ్ పెంచితే ఎముకలు, హార్మోన్లు దెబ్బతింటాయి. బరువు తగ్గడానికి ఇది సమయం కాదని గట్టిగా అనుకుంటున్నాను.

పరుగు మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా, పెల్విక్ ఫ్లోర్ (మూత్రాశయాన్ని, గర్భసంచిని కింది నుంచి మోసే కండరాలు) ఫిజియో సరేనన్నాకే మొదలుపెట్టాను. కాన్పయ్యాక కనీసం 12 వారాల వరకు పరుగు వద్దని ఫిజియోలు చెబుతారు. గెంతినప్పుడు మూత్రం లీకైతే ఇంకా ఆగాలి. పిల్లలు పుట్టాక అది మామూలేలే అని చాలామంది సర్దిచెబుతారు. దయచేసి సర్దుకోకండి, దానికి ఎక్సర్‌సైజులున్నాయి, తగ్గుతుంది.

వచ్చే నెల నుంచి బ్రిక్ సెషన్లు, అంటే నాలుగు గంటలు తొక్కి, దిగగానే అరగంట పరుగు. ఆ అరగంటకు స్ట్రోలర్ లేకుండా వెళ్లేలా ఇంట్లో ఇప్పటికే మాట్లాడుకున్నాం.